గ్రిల్ మీద బంకపొర, పొగ, అతుక్కుపోయే ముక్కలు: మూడింటికీ మూలం ఒకటే

ప్రశ్న: మా ఇంట్లో వంటగది గట్టు మీద పెట్టుకునే ఎలక్ట్రిక్ గ్రిల్ ఉంది. పైనొకటి కిందొకటి ప్లేట్లు, మధ్యలో ముక్కలు పెట్టి మూత దించే రకం. ప్లేట్లు ఊడిరావు. కొత్తలో చక్కగా పనిచేసింది. కొన్ని నెలలుగా చికెన్ పెడితే అతుక్కుపోతోంది. పైన మాడుతోంది, లోపల పచ్చిగానే ఉంటోంది. ఖాళీ గ్రిల్ వేడెక్కుతున్నప్పుడే పొగ వస్తోంది. ప్లేట్ల మీద గోధుమరంగు బంకలాంటి పొర పట్టింది, ఎంత తుడిచినా పోదు. ఒక మూల స్టీలు పీచుతో రుద్దితే పూత కాస్త లేచింది. కుళాయి కింద పెట్టి బాగా కడగొచ్చా? వంట మధ్యలో లైటు ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది, గ్రిల్ పాడైనట్టేనా?

సమాధానం:

ముందు కుళాయి సంగతి. వద్దు. ప్లేట్లు ఊడిరాని గ్రిల్‌లో వేడి పుట్టించే కాయిల్, థర్మోస్టాట్, వైర్ల జాయింట్లు అన్నీ ఆ ప్లేట్ల వెనకాలే ఉంటాయి. ప్లేటు అంచుకీ పైబాడీకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. నీళ్లు ఆ సందులోంచి లోపలికి దిగితే పైన ఆరినట్టు కనిపించినా లోపలి తడి అంత తొందరగా ఆరదు. అలాగే ప్లగ్గు పెడితే షాక్ కొట్టొచ్చు, లోపల షార్ట్ అవొచ్చు. ఇప్పటికే ఒకసారి కడిగేసి ఉంటే, రిపేరు చేసేవాళ్లకు చూపించకుండా ఆన్ చేయకండి.

లైటు ఆరి వెలగడం పాడైన లక్షణం కాదు. పెట్టిన వేడికి చేరగానే థర్మోస్టాట్ కరెంటు ఆపుతుంది, వేడి తగ్గగానే మళ్లీ ఇస్తుంది. చల్లటి ముక్కలు పెట్టగానే లైటు మారడం కూడా అందుకే. కొన్ని మోడళ్లలో ఎర్ర లైటు కరెంటు ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది, వేడెక్కాక పచ్చ లైటు వస్తుంది. మీది ఏ రకమో గ్రిల్‌తో వచ్చిన పుస్తకంలో చూసుకోండి. అనుమానించాల్సింది వేరే: ఖాళీ గ్రిల్ మూత వేసి పెట్టాక పావుగంట గడిచినా వేడెక్కినట్టు లైటు చూపకపోయినా, లేదా వేడి ఆగకుండా ఎక్కుతూ పోతున్నా, థర్మోస్టాట్ దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు వెంటనే ప్లగ్గు తీసేయాలి.

ఇక అసలు విషయం. ఆ గోధుమరంగు పొర మురికి కాదు, నూనే. పలుచటి పొరగా ఉన్న నూనె బాగా వేడెక్కినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువులు ఒకదానికొకటి అల్లుకుని గట్టిపడుతుంది. ఆ తర్వాత అది వార్నిష్‌లా పట్టేస్తుంది, మామూలు సబ్బుకు కరగదు. నాన్‌స్టిక్ పూత ఎంత మంచిదైనా దాని మీద ఇలాంటి పొర కూర్చుంటే ముక్క తగిలేది పూతకు కాదు, ఆ పొరకు. అందుకే మాంసం అతుక్కుపోతోంది. అతుక్కున్న చోట మిగిలిన కాస్త తునకా తర్వాతిసారి మాడి పొగై లేస్తుంది. ఖాళీ గ్రిల్ పొగ కక్కుతోందంటే కారణం ఇదే. అంటే మీ గ్రిల్ బహుశా బాగానే ఉంది, దాని మీద పేరుకున్నదే బాగాలేదు.

ఈ పొర ఎక్కడి నుంచి వస్తుందంటే, ఎక్కువగా మూడు అలవాట్ల నుంచి. డబ్బాలోంచి స్ప్రే చేసే నూనె వాడటం మొదటిది. ఆ స్ప్రేలు చాలావాటిలో లెసిథిన్ అనే కొవ్వులాంటి పదార్థం ఉంటుంది, అది వేడికి నూనె కంటే తొందరగా బంకకట్టి పూతకు పట్టేస్తుంది. రెండోది, నూనె ప్లేటు మీద పోయడం. ముక్కలు లేని చోట ఉన్న నూనె అంతా వంట అయ్యేదాకా ఊరికే కాలుతూ ఉంటుంది. మూడోది, కింది ప్లేటు తుడిచి పై ప్లేటు వదిలేయడం. ఆవిరితో పాటు కొవ్వు చిటపటలాడి పైకే ఎగురుతుంది కాబట్టి పొర దట్టంగా పట్టేది చాలాసార్లు పై ప్లేటుకే. మీ గ్రిల్ మూత ఎత్తి వెలుతురులో పక్క నుంచి చూడండి, గాడుల అంచుల వెంబడి తేనెరంగు గీతలు కనిపిస్తే అదే.

ఉన్న పొరను వదిలించడానికి బలం కాదు, సమయం కావాలి. గ్రిల్‌ను రెండు మూడు నిమిషాలు మాత్రమే వేడిచేసి ప్లగ్గు తీసేయండి. ప్లేటు మీద చేయి ఆనిస్తే వెచ్చగా ఉండి కాలకుండా ఉండే దాకా ఆగండి. మూడు చెంచాల వంటసోడాకు ఒక చెంచా నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపితే జారిపోని ముద్ద అవుతుంది. దాన్ని వేలితో గాడుల వెంబడి పలుచగా రాయండి. ప్లేటు అంచుకు ఒక సెంటీమీటరు ఇవతలే ఆపేయండి, సందులోకి పోకూడదు. పై ప్లేటుకు రాసింది కారిపోకుండా, గట్టిగా పిండిన తడి బట్టను నాలుగు మడతలు వేసి మధ్యలో పెట్టి మూత దించండి. బట్టలోంచి ఒక్క చుక్క కూడా కారకూడదు. అరగంట తర్వాత మూత తెరిచి మెత్తటి స్పాంజితో, గాడుల్లో మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో, గాడి ఎటు సాగితే అటే రుద్దండి. అడ్డంగా రుద్దితే గాడి అంచు మీద పూత అరుగుతుంది, ఎక్కువ గ్రిల్స్‌లో పూత మొదట పోయేది అక్కడే. తర్వాత తడి బట్టతో మూడు నాలుగుసార్లు, తెల్ల మరక కనిపించనంతవరకూ తుడవండి. సోడా మిగిలితే తర్వాతి వంటలో చేదుగా, సబ్బులా తగులుతుంది.

మొదటిసారికే అంతా రాదు. నెలల తరబడి పట్టింది ఒక్క పూటలో పోవాలనుకునే దగ్గరే చాలామంది స్టీలు పీచు తీస్తారు. ఇదే పని రెండు మూడు రోజులు వరుసగా చేయండి, ప్రతిసారీ కొంచెం లేస్తుంది. చివరికి లేత రంగు మరక మాత్రం మిగిలి, వేలితో రాస్తే నునుపుగా ఉంటే అక్కడితో ఆపేయండి. మరక వల్ల నష్టం లేదు, గరుకుదనం వల్లే.

సోడా మీద వెనిగర్ పోసి నురగ తెప్పించే చిట్కా బాగా చెలామణిలో ఉంది. ఒకటి క్షారం, ఇంకోటి ఆమ్లం, కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది చాలావరకు ఉప్పునీళ్లే. చూడ్డానికి పని జరుగుతున్నట్టు ఉంటుంది, అంతే. ఓవెన్ శుభ్రం చేసే ఘాటు ద్రావణాలు మాత్రం పొరపాటున కూడా వాడకండి. వాటిలో చాలావాటిలో సోడియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. అది పూతను పాడుచేస్తుంది, పూత కిందున్న అల్యూమినియాన్ని తినేస్తుంది. గరుకు పౌడర్లు, చాకు మొన, వైరు బ్రష్షు కూడా వద్దు. ఇదంతా అయ్యాక కిటికీలు తెరిచి, గ్రిల్‌ను ఖాళీగా ఐదు నిమిషాలు వేడిచేసి, ఆపి, చల్లారాక ఇంకోసారి తుడిస్తే మిగిలిన వాసన పోతుంది.

మూలన లేచిన పూత గురించి. అది ఉత్త గీతలా ఉండి, గోటితో రాస్తే ఏమీ రాలకపోతే గ్రిల్ వాడుకోవచ్చు, ముక్కలు మాత్రం ఆ మూలకు పెట్టకండి. అంచు పొలుసులా లేస్తుంటే మాత్రం అది అక్కడ ఆగదు, ప్రతి వేడికీ కొంచెం కొంచెం పాకుతుంది. నాన్‌స్టిక్ పూతలు ఎక్కువగా పీటీఎఫ్‌ఈతో (టెఫ్లాన్ పేరుతో తెలిసిన ప్లాస్టిక్‌తో) చేసినవి. దాని చిన్న పొలుసు కడుపులోకి వెళ్లినా అరగకుండా బయటికి పోతుంది, భయపడక్కర్లేదు. కానీ పొలుసులు ఆహారంలో కనిపిస్తున్నాయంటే ఆ ప్లేట్ల ఆయుష్షు అయిపోయినట్టే. ఊడిరాని ప్లేట్లు కాబట్టి గ్రిల్ మార్చుకోవడమే.

ఇదే పూత విషయంలో ఇంకొకటి తప్పక తెలిసి ఉండాలి. పీటీఎఫ్‌ఈ 260 డిగ్రీల సెల్సియస్ దాటితే మెల్లగా దెబ్బతినడం మొదలవుతుంది, 350 దాటాక బాగా విచ్ఛిన్నమై హానికరమైన ఆవిర్లు వదులుతుంది. థర్మోస్టాట్ సరిగా ఉన్న గ్రిల్ అంత వేడికి పోదు. అయినా ఖాళీ గ్రిల్‌ను ఆన్ చేసి మర్చిపోవడం మంచిది కాదు. ఇంట్లో పెంపుడు పక్షులుంటే మరీ జాగ్రత్త: మనుషులకు తెలియని మోతాదులో కూడా ఆ ఆవిర్లు పక్షుల ప్రాణం తీస్తాయి. గ్రిల్ వాడేటప్పుడు పంజరం వంటగదిలో ఉండకూడదు. సిరామిక్ పూత ఉన్న ప్లేట్లకు ఈ ఆవిర్ల సమస్య లేదు గానీ, నూనె పొర పడితే వాటి జారుడు గుణం ఇంకా తొందరగా పోతుంది.

పైన మాడి లోపల పచ్చిగా ఉండటానికి బంకపొరతో పాటు ఇంకో కారణం కూడా ఉంది: ముక్క మందం. రెండు ప్లేట్ల గ్రిల్ రెండు వైపులా ఒకేసారి కాలుస్తుంది కాబట్టి పెనం మీద పట్టే సమయంలో దాదాపు సగం చాలు. కానీ ముక్క ఒక పక్క మూడు సెంటీమీటర్లు, ఇంకో పక్క ఒక సెంటీమీటరు ఉంటే మూత ఎత్తయిన చోటే ఆనుతుంది. పలచటి చోట పై ప్లేటు గాల్లో ఉంటుంది. ఎముకలేని చికెన్ బ్రెస్ట్‌ను రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య పెట్టి, అప్పడాల కర్రతో లావున్న చోట తట్టి, మొత్తం రెండు సెంటీమీటర్లకు సమం చేయండి. అన్ని ముక్కలూ ఒకే మందం ఉంటే మూత సమంగా కూర్చుంటుంది. ఒక్క ముక్కే కాలుస్తుంటే దాన్ని ప్లేటు మధ్యలో పెట్టండి.

మూత వేసి, లైటు వేడెక్కినట్టు చూపేదాకా ఆగి, ఇంకో రెండు నిమిషాలు ఉంచి అప్పుడు ముక్కలు పెట్టండి. లైటు చెప్పేది లోపల థర్మోస్టాట్ ఉన్న చోటి వేడి మాత్రమే, ప్లేటు అంచులు కాస్త వెనకబడి ఉంటాయి. రెండు సెంటీమీటర్ల చికెన్‌కు ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు, అంతే మందమున్న చేప ముక్కకు నాలుగైదు, ఒకటిన్నర సెంటీమీటర్ల కీమా బిళ్లకు ఐదారు నిమిషాలు పడుతుంది. ఇవి మొదలుపెట్టడానికి గుర్తులే. మీ గ్రిల్ ఎన్ని వాట్లో, ముక్క ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీశారో లేదో, వాటిని బట్టి మారతాయి. మాంసంలోకి గుచ్చే థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఊహించే పని ఉండదు. పక్క నుంచి ముక్క నడిమధ్యకు గుచ్చి చూస్తే చికెన్ 74 డిగ్రీలు, కోడిది కాని కీమా 71, చేప 63 డిగ్రీల సెల్సియస్ చేరాలి. రంగు చూసి నమ్మొద్దు, చికెన్ లోపల తెల్లబడ్డాక కూడా ఆ వేడికి చేరకపోవచ్చు.

గడ్డకట్టిన ముక్కను నేరుగా పెట్టకండి, మాడటం ముందు, ఉడకటం తర్వాత అవుతుంది. ముందురోజే ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి.

ముక్కను పెట్టే ముందు కాగితపు న్యాప్‌కిన్‌తో తడి అద్దడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, రంగు రావడమూ రాకపోవడమూ దాని మీదే ఉంది. పైన నీరున్నంతసేపూ ఆ చోటు 100 డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రబడి సువాసన రావాలంటే 140 దాటాలి. తడి ముక్క అందుకే ముందు ఉడుకుతుంది, ఆ నీరంతా ఆవిరయ్యాకే కాలడం మొదలవుతుంది. మూత వేసే గ్రిల్‌లో ఆవిరి పోయే దారి గాడులొక్కటే కాబట్టి ముక్కలను ఇరికించి పెట్టకండి, మధ్యలో వేలు పట్టే ఎడమైనా ఉండాలి. నూనె ముక్కకే రాయండి, రెండు వందల గ్రాముల ముక్కకు అర చెంచా చాలు. తేనె, చక్కెర, టమాటా సాస్ ఉన్న పూతలేవైనా చివరి నిమిషంలోనే పూయాలి. ముందే పూస్తే చక్కెర మాంసం ఉడకకముందే నల్లబడి, ప్లేటుకు గట్టిగా కరుచుకుంటుంది. మీ ముక్కలు పైన మాడటంలో దీని పాలూ ఉండొచ్చు.

మూత వేశాక కనీసం మూడు నిమిషాలు కదపకండి. మాంసం మొదట అతుక్కున్నట్టే ఉంటుంది, పైపొర కాలాక దానంతటదే వదులుతుంది. రాలేదని గరిటెతో పొడిస్తే ముక్కా చిరుగుతుంది, పూతా గీరుకుంటుంది. ఇంకో అర నిమిషం ఆగితే చాలు. మూతను పైనుంచి గట్టిగా నొక్కడం కూడా మానేయండి. కీలు ముక్క మందాన్ని బట్టి తనే లేచి సర్దుకునేలా చేసి ఉంటుంది. నొక్కితే రసమంతా ట్రేలోకి పోయి ముక్క పీచులా అవుతుంది. తీయడానికి చెక్క, సిలికాన్ గరిటెలు తప్ప లోహం వాడకండి. తీసిన చికెన్‌ను ఐదు నిమిషాలు ఆగి కోయండి.

కూరగాయలకు ఇంత శ్రమ లేదు. వంకాయ, క్యాప్సికమ్ ఒక సెంటీమీటరు మందంగా కోసి, నూనె రాసి, ఐదారు నిమిషాలు పెడితే సరిపోతుంది. ఉప్పు చివర్లో చల్లండి, ముందే చల్లితే నీరు ఊరి గ్రిల్ తడి అవుతుంది.

ఇప్పుడు రోజూ చేసే శుభ్రం. ఇది ఐదు నిమిషాల పని, కానీ ఆ ఐదు నిమిషాలు ఎప్పుడన్నదే ముఖ్యం. కాలుతున్నప్పుడు కాదు, మర్నాడు పొద్దున్నా కాదు, భోజనం ముగిసేసరికి ప్లేటు గోరువెచ్చగా ఉన్నప్పుడు. ప్లగ్గు తీశాక కాగితపు టవల్ రెండు మూడు మడతలు వేసి తడిపి, గట్టిగా పిండి, ప్లేట్ల మధ్య పెట్టి మూత దించి వదిలేయండి. లోపలి వెచ్చదనానికి తడి ఎండిన తునకలను మెత్తబరుస్తుంది. ఐదు నిమిషాలకు అదే టవల్‌తో కింద, పైన లాగితే చాలావరకు వచ్చేస్తుంది. గాడుల్లో మిగిలిందాన్ని గ్రిల్‌తో వచ్చిన ప్లాస్టిక్ గీకుడు పలకతోనో చెక్క గరిటె అంచుతోనో ట్రే వైపుకు తోయండి. ఆ తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసిన తడి స్పాంజితో, ఆపైన ఉత్త తడి బట్టతో రెండుసార్లు తుడిచి, పొడి బట్టతో ఆరబెట్టండి. సబ్బు చుక్క మానేసి ఉత్త నీళ్లతో తుడిస్తే కంటికి కనపడని నూనె మిగిలిపోతుంది, వచ్చేసారి గట్టిపడేది అదే.

వేడి ప్లేటు మీద చల్లటి నీళ్లు చల్లడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఎగిసే ఆవిరి చేతిని కాలుస్తుంది, ప్లేటు ఒక్కసారిగా ముడుచుకుని వంకర పోవచ్చు, పూతలో కంటికి కనపడని పగుళ్లు రావచ్చు. ఒకసారి వంకరపోయిన ప్లేటు మళ్లీ ఎక్కడా సమంగా కాల్చదు.

నూనె కారే ట్రేను ప్రతిసారీ ఖాళీ చేయండి. రెండు మూడు పూటల కొవ్వు నిలిస్తే వాసన ఒక్కటే కాదు, పొంగి గ్రిల్ కిందకు పోయి అంటుకునే ప్రమాదమూ ఉంది. సింకులో పోయకండి, పైపులో గడ్డకడుతుంది. చల్లారి గట్టిపడ్డాక కాగితంతో తీసి చెత్తబుట్టలో వేసి, ట్రేను సబ్బునీళ్లతో కడగండి. మూత వెనక కీలు దగ్గర కూడా కొవ్వు చేరుతుంది, నెలకోసారి చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లతో అక్కడ తుడవండి.

కొత్త గ్రిల్ కొనే పరిస్థితి వస్తే ఊడివచ్చే ప్లేట్లున్నది తీసుకోండి. వాటిని వేడి సబ్బునీళ్లలో పావుగంట నానబెట్టి కడుక్కోవచ్చు. వాటికి వెనక వైపు కూడా తుడవాలి, లేకపోతే అక్కడ చేరిన కొవ్వు కాయిల్ మీద మాడి పొగ పెడుతుంది. డిష్‌వాషర్‌లో వేయొచ్చని రాసి ఉన్నా చేత్తో కడగడమే మేలు. డిష్‌వాషర్ సబ్బుల క్షారానికి పూత లేని అల్యూమినియం వెనక వైపు బూడిదరంగుకు తిరిగి చేతికి అంటుకుంటుంది. మళ్లీ బిగించే ముందు పూర్తిగా ఆరాలి, రెండు చివరలా టక్కుమని పట్టాయో లేదో చూసుకోవాలి. మూతలేని గ్రిల్స్ కొన్నింట్లో వైరు చివర ఊడివచ్చే థర్మోస్టాట్ కడ్డీ ఉంటుంది. ముందు గోడ స్విచ్చి ఆపి ప్లగ్గు తీసి, గ్రిల్ చల్లారాకే ఆ కడ్డీ లాగాలి. దానికి తడి తగలనివ్వకూడదు.

ఇంకొక్క మాట, మీరు అడగలేదు గానీ ఈ గ్రిల్స్‌తో తరచూ వచ్చేదే. 1500 వాట్ల గ్రిల్ 230 వోల్టుల దగ్గర దాదాపు 6.5 ఆంపియర్లు, 120 వోల్టుల దగ్గర 12.5 ఆంపియర్లు లాగుతుంది. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు అది భారం. అదే బాక్సులో కెటిల్ కూడా పెడితే ఇంకా భారం. గ్రిల్‌ను నేరుగా గోడ సాకెట్టుకే పెట్టండి, వైరు వేడి బాడీకి ఆనకుండా చూడండి. పది నిమిషాలు నడిచాక స్విచ్చి ఆపి, ప్లగ్గును ముట్టుకుని చూడండి. కాస్త గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా, పిన్నుల దగ్గర నల్లబడి ఉన్నా సాకెట్టు వదులై ఉండొచ్చు. దాన్ని ఎలక్ట్రీషియన్‌తో మార్పించేదాకా ఆ సాకెట్టులో గ్రిల్ పెట్టకండి.